షేలు శిలల పక్వత – విద్యున్నిరోధకత

పక్వమను మాట ఫలమునకును, అన్నమునకును చెల్లును. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని శిలకును వాడుదురు. బురద గట్టిపడి పొరలుగా నేర్పడిన నల్లని షేలు శిలలలో కెరోజెన్ అను సేంద్రియద్రవ్యము కలదు. భూతాపముచే అది చమురుగను, వాయువుగను మారును. ఈ మార్పు ఎంతవరకు నడచినదో తెలుపునదే ఉష్ణపరిపక్వత. దానిని విద్యున్నిరోధకతనుబట్టి ఎట్లు ఊహింతురో, ఆ ఊహ ఎచట తప్పునో వివరింపదలచితిమి.

విద్యుత్ప్రవాహమును అడ్డగించు గుణము నిరోధకత. దాని మానము ఓమ్-మీటరు. 1927లో ఫ్రాన్సునందలి పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జర్ బృందము తొలిసారిగా చమురుబావిలోనికి విద్యుద్ధ్రువములను దింపి శిలల నిరోధకతను కొలిచెను. షేలులో విద్యుత్తును ముఖ్యముగా సాగించునది సూక్ష్మరంధ్రములందలి ఉప్పునీరు. బంకమట్టియు కొంత తోడ్పడును. శిల అపక్వమైనంతకాలము ఆ నీరు నిలిచియుండును గావున నిరోధకత తక్కువ. కెరోజెన్ నుండి పుట్టిన చమురు ఆ నీటిని వెడలగొట్టును. చమురు విద్యుత్తును సాగనీయదు; అందుచే నిరోధకత పెరుగును.

ఉత్తర అమెరికాలోని విలిస్టన్ ద్రోణియందలి బాకెన్ షేలు ఇందులకు ప్రసిద్ధోదాహరణము. ద్రోణి అంచులలో లోతును, తాపమును, నిరోధకతయు తక్కువ. లోతైన నడిభాగమున నిరోధకత 100 ఓమ్-మీటర్లను మించును. 1978లో మైస్నర్ ఈ పెరుగుదలను చమురు పుట్టుకతో ముడిపెట్టెను. పిదప ష్మోకర్, హెస్టర్ అనువారు 35 ఓమ్-మీటర్లను చమురుత్పత్తికి ఆరంభచిహ్నముగా గ్రహించిరి.

అయినను ఈ సంఖ్యను సూత్రముగా కంఠస్థము చేయరాదు. నీటి లవణతయు, శిలయందలి పైరైటు అను వాహకఖనిజమును కొలతను మార్చును. అంతకుమించిన చిక్కు మరియొకటి కలదు. తాపము మిక్కిలి హెచ్చినచో మిగిలిన కార్బను గ్రాఫైటు స్వభావము నొంది, తానే విద్యుద్వాహకమగును. అప్పుడు పెరిగిన నిరోధకత మరల పడిపోవును. అనగా అపక్వశిలయు, అతిపక్వశిలయు ఒకే అల్పసంఖ్యను చూపవచ్చును. మొదటిది చమురు నింకను ఈయనిది. రెండవది ఈయవలసినదంతయు ఇచ్చివేసినది. సంఖ్యను మాత్రమే చూచినవాడు ఒకదానిని మరియొకదానిగా భ్రమించును.

కావున విట్రినైటు కణముల కాంతిపరావర్తనము, శిలను వేడిచేసి చూచు పరీక్ష, పూర్వము శిల పూడిన లోతు అనువానితో పోల్చియే నిర్ణయింపవలెను. నిరోధకత కొలువబడునది, పక్వత ఊహింపబడునది. బోధించువారు ఈ భేదమును మొదటనే చెప్పుట మేలని మా అభిప్రాయము.