వెలుగునకు అడ్డుపడని గట్టిదనము

పెనుకొండ చెంత, ఎర్రమంచి గ్రామసమీపమున 2019లో కియా కర్మాగారము కార్లను నిర్మింప నారంభించిన నాటినుండి, మోటారువాహన నిర్మాణము ఈ సీమవారికి కన్నులయెదుటి వ్యవహారమైనది. నేటి కార్ల ముందుదీపములకు అద్దమని మనము పిలుచు కవచము సాధారణముగ గాజు కాదు, పాలికార్బొనేట్ అను పారదర్శకమగు ప్లాస్టిక్కు. 1953లో జర్మనీయందలి బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్ రూపొందించిన ఈ పదార్థము సుత్తిదెబ్బకు సైతము సులభముగ పగులదు. అయినను ఇసుకరేణువుల రాపిడికి గీతలుపడును, ఎండలోని అతినీలలోహిత కిరణములకు పసుపుబారును. దుమ్మునకును ఎండకును కొదువలేని మన ప్రాంతమున ఈ రెండు లోపములును చిన్నవి కావు.

గట్టి ఖనిజమును పొడిచేసి ప్లాస్టిక్కులో కలిపి బలపరచుట పాత ఉపాయమే. కాని సుద్దపొడి కలిసినది బలపడుటతోపాటు తెల్లబారి కాంతిని నిరోధించును. ఏలయన, వేరొక వక్రీభవన గుణకముగల కణము తగిలినచోటనెల్ల కాంతి దారితప్పి చెదరును. ఆ చెదరుపాటు తగ్గవలెనన్న రెండు పదార్థముల గుణకములును దాదాపు సమములు కావలెను, లేదా కణములు కాంతితరంగముకన్న మిక్కిలి చిన్నవి కావలెను. ఇట్లు కలుపు సిలికా యను ఖనిజపు గుణకము 1.46, అక్రిలిక్ ప్లాస్టిక్‌ది 1.49; కావున ఆ రెండును చక్కగ పొసగును. పాలికార్బొనేట్‌ది 1.58 అగుటచే అచట సూక్ష్మతయే శరణ్యము. కంటికి గోచరించు కాంతి తరంగము 400 మొదలు 700 నానోమీటర్ల పొడవుగలది. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. కలిపిన సిలికా తూకము మారకయే కణవ్యాసము రెట్టింపైనచో చెదరు కాంతి ఎనిమిది రెట్లగును గనుక, 20, 30 నానోమీటర్ల కణములను కోరుదురు.

అసలు కష్టము ఇచటనే. కణము చిన్నదగుకొలది, దాని ఘనపరిమాణమునకు ఉపరితలము అధికమై, కణములు ఒకదానినొకటి పట్టుకొనజూచును. మరుగు ఎసటిలో పోసిన రాగిపిండిని తెడ్డుతో సకాలమున కెలకనిచో సంగటి ఉండలు కట్టునని రాయలసీమ ఇల్లాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. నానోకణములును అట్లే ముద్దలై పదార్థమును మసకబార్చును, బలమునకు మారుగ పగుళ్లకు మూలమగును. ఎంత కెలకినను ఈ ముద్దలు పూర్తిగ విడివడవు. అందుచే రసాయనజ్ఞులు సిలేన్లు అను సమ్మేళనములతో ప్రతి కణమునకును ఒక తొడుగు వేయుదురు; ఆ తొడుగునందలి అణువు ఒక కొనతో సిలికాను, రెండవ కొనతో ప్లాస్టిక్కగు పాలిమర్‌ను పట్టుకొనును. కణములను సృజించుటకన్న వానిని విడివిడిగ నిలుపుటయే దుష్కరము. ఈ విద్యలో నన్ను ముగ్ధుని చేసినదియు ఆ తొడుగే.

పొడిని తెచ్చి కలుపుటకు మారుగ కణములను ద్రవమునందే పుట్టించు సోల్-జెల్ పద్ధతియు గలదు. ఆల్కహాలునందు టెట్రాఈథైల్ ఆర్థోసిలికేట్‌ను నీటితో కలిపి ఆమ్లమునో క్షారమునో చేర్చినచో సిలికా రూపొందును. అమోనియాతో ఇట్లు సమపరిమాణములగు గోళకణములను పొందవచ్చునని 1968లో స్టోబర్ బృందము చూపినది. హైదరాబాదు బాలాపూరునందలి ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాకేంద్రములో సోల్-జెల్ పూతలకై ప్రత్యేక విభాగమే యున్నది. పాలికార్బొనేట్‌పై గీతలుపడని పారదర్శకపు పూతలు అచటి పరిశోధనాంశములలో నొకటి. కొద్ది మైక్రాన్ల మందముగల ఇట్టి పూతను వేడిచేతగాని అతినీలలోహిత కాంతిచేతగాని గట్టిపరుతురు.

ఎండనుండి కాపాడుటకు సిలికా చాలదు, జింక్ ఆక్సైడు కావలెను. అది సుమారు 380 నానోమీటర్లకు లోబడిన కిరణములను మ్రింగి, కంటికి కనబడు కాంతిని పోనిచ్చును. ధర్మవరపు పట్టుచీరను ఎండ తగులు గాజుబీరువాలో ప్రదర్శించు వర్తకునకును, హిందూపురము చుట్టుపట్ల పాలీహౌస్ కట్టుకొనిన రైతునకును ఇట్టి పలుచని పొర ఉపకరింపగలదని నా నమ్మకము; పట్టును పసుపుబార్చునవియు, పాలిథీన్ షీటును పెళుసుచేయునవియు ముఖ్యముగ ఆ కిరణములే. అయితే జింక్ ఆక్సైడు తాను మ్రింగిన శక్తితో చుట్టుకొనియున్న పాలిమర్‌నే క్రమముగ విచ్ఛిన్నము చేయగలదు గనుక, దాని కణములకు మొదట సిలికా పొరను కప్పి, ఆపైననే సిలేన్ తొడుగు వేయుదురు.