కొత్త టైర్లు, కొత్త షాకబ్జర్లు... నాయన నడుముకి కొత్త నొప్పి!

బెంగళూరులో నా ఉద్యోగానికి మొదటి బోనస్ పడగానే నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఫోన్ కొనలేదు. మదనపల్లె దగ్గర మా ఊళ్లో నాయన నడిపే పికప్ బండికి నాలుగు టైర్లు, నాలుగు షాకబ్జర్లు మార్పించాను. పాత టైర్లు గుండు కొట్టినట్టు అరిగిపోయాయి, షాకబ్జర్లలోంచి ఆయిల్ కారుతోంది. ఇక బండి మెత్తగా పోతుంది, నాయన హాయిగా ఉంటాడు అనుకున్నా.

నెల తర్వాత ఊరికెళితే అమ్మ నాయన నడుముకి బామ్ రాస్తోంది. ఎందుకని అడిగితే ఇద్దరూ మాట మార్చేశారు. కొడుకు డబ్బు పెట్టి చేయించాడు కదా, ఎలా చెప్తారు?

మర్నాడు బండి నేనే తీశా. నిజం చెప్పాలంటే భయమేసింది. రోడ్డు మీద చిన్న అతుకు తగిలినా రాయి ఎక్కినట్టు ఎగురుతోంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన వాటర్ బాటిల్ నా ఒళ్లో పడింది. ఇక మనం చేసే పని తెలిసిందేగా, రాత్రంతా వీడియోలు. ‘షాకబ్జర్లు నాసిరకం, మార్చెయ్’ అని ఒకడు, ‘టైర్లు తప్పు’ అని ఇంకొకడు. షాకబ్జర్లు మళ్లీ కొనడానికి సిద్ధమైపోయా.

పొద్దున వెనక తొట్టి చూస్తే రెండు ఇసుక బస్తాలున్నాయి.

“ఇవెందుకు నాయనా?”

“పొయ్యేటప్పుడు టమోటా లోడు ఉంటాది కాబట్టి బాగానే పోతాది రా. వచ్చేటప్పుడు ఖాళీ బండి దుముకుతాది. బరువుంటే కొంచెం నయం.”

నెల రోజులుగా ఆయన ఇసుక మోసుకుని తిరుగుతున్నాడు! కానీ నాకు దొరకని క్లూ కూడా అందులోనే ఉంది. లోడుతో బాగుండి, ఖాళీగా ఉన్నప్పుడే కుదిపేస్తోందంటే అనుమానం ముందు షాకబ్జర్ మీదికి కాదు, టైర్లో గాలి మీదికి పోవాలి. బండి బరువు మోసేది స్ప్రింగులు, మనోళ్లు కమాన్ పట్టీలనేవి. స్ప్రింగు పదే పదే ఊగకుండా ఆపడమే షాకబ్జర్ పని. ఇక చిన్న చిన్న గుంతలని మొదట మింగాల్సింది టైరే. అది రాయిలా ఉంటే దాని పైన ఎంత ఖరీదైన సామాను పెట్టినా దండగే.

మాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి వెళితే బండి చుట్టూ కూడా తిరగలేదు. గేజ్ తీసి పెట్టాడు. నాలుగు టైర్లలోనూ 65 పీఎస్ఐ!

“టైరు పక్కన రాసిన అంకె చూసి కొట్టేసినారు. అది టైరు తట్టుకునే గరిష్ఠం, నీ బండికి కావాల్సింది కాదు” అన్నాడు. కావాల్సిన అంకె డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద గానీ, బండితో వచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. మా బండికి ముందు 36, వెనక లోడుతో 52. రోజూ లోడు కొట్టే బండి కాబట్టి వెనక ఖాళీ బండి అంకె పెట్టలేదు. మెత్తగా ఉండాలని మనిష్టం వచ్చినట్టు గాలి తగ్గించామా, లోడు మీద టైరు వేడెక్కి పేలుతుంది. అలాగని ఎక్కువుంటే కుదుపు ఒక్కటే కాదు, టైరు మధ్యలోనే అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు కూడా తగ్గుతుంది. ఇంకో సంగతి, గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలక ముందు. నడిచిన టైరు వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది. అప్పుడు తగ్గిస్తే చల్లారాక తక్కువైపోతుంది.

అదే రోడ్డు, అదే స్పీడు. మళ్లీ నడిపి చూశా. ముప్పాతిక కుదుపు పోయింది. కానీ వెనక నుంచి ఇంకా ‘దడ్’మని ఏదో పట్టేస్తున్నట్టుంది.

ఈసారి అన్న కిందికి దూరాడు. షాకబ్జర్లతో పాటు కమాన్ పట్టీల బుష్‌లు కూడా మార్చారు కదా, వాటి బోల్టులు బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించేశారంట. రబ్బరు ఆ భంగిమలోనే ఇరుక్కుపోతుంది. బండి దిగి బరువు పడగానే మెలి తిరిగి, ప్రతి గుంతకీ ఎదురు తంతుంది. చక్రాలు నేల మీద ఆనించి, బోల్టులు వదులు చేసి, బండిని నాలుగుసార్లు ఊపి, మళ్లీ బిగించాడు. అరగంట పని. కొత్త సామాను ఏదీ కొనలేదు. రెండు పనులూ ఒకేసారి చేసుంటే ఏది దేనివల్లో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పూర్తిగా మెత్తబడిందా అంటే, లేదు. ఈసారి నేను వేయించినవి 8 పీఆర్ టైర్లు, పాతవి 6. పీఆర్ అంటే టైరు ఎంత బరువుకి తట్టుకుంటుందో చెప్పే లెక్క. అది పెరిగితే టైరు గోడ కూడా బిరుసుగా ఉంటుంది. కొనేటప్పుడు ‘ఎక్కువుంటే మంచిదే కదా’ అనుకున్నది నేనే. ఆ మిగిలిన కుదుపు నా ఖాతాలోనే.

పోయేముందు ఓ గేజ్ కొనిచ్చా. నాయన ఇసుక బస్తాలు దించేసి, మునగచెట్టు మొదట్లో కుమ్మరించాడు. నిన్న అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే ఆ గేజ్ పట్టుకుని పక్కింటి ట్రాక్టరు టైర్లలో గాలి చూస్తున్నాడంట.