కరిచింది కట్లపాము.. అందరూ అనుకున్నది ఇప్పసారా!

ఇంజినీరింగ్ సెకండియర్ దసరా సెలవుల్లో దుమ్ముగూడెం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లా. పొద్దుగూకే వేళ మిర్చి చేను గట్టు మీద నడుస్తుంటే కాలికేదో చురుక్కుమంది. గడ్డిలోకి జారిపోతున్న తోక కనిపించింది. అంతే! గుండె దడదడ, ఒళ్లంతా చెమట, నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. మా మావయ్య బండి మీదేసుకుని పక్క ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన భుజం మీద చెయ్యేసి, ఏదో గొణుగుతూ, వేపాకు నమలమన్నాడు. చేదుగా ఉందన్నా. ‘‘అయితే విషం దిగిపోతోంది’’ అన్నాడు. గంటలో లేచి కూర్చున్నా. మంత్రం పవర్ అంటే అదీ అని ఊరంతా అంది. నేనూ కాదనలేదు.

అసలు జరిగింది వేరు. మన దగ్గర ఎక్కువ పాములు విషం లేనివే. విషపాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. నా ఒంట్లో ఆ గంటసేపు పనిచేసింది భయం. మెదడు ప్రమాదం అనగానే సింపథెటిక్ నాడులు అడ్రినలిన్‌ని విడుదల చేయిస్తాయి. గుండె వేగం, చెమట, ఎండిన నోరు అన్నీ ఆ నాడుల పనే. 1915లోనే వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీని మీద పుస్తకం రాశాడు. అంతకుముందు 1884లో విలియం జేమ్స్ ఇంకో అడుగు వేశాడు. ఎలుగుబంటిని చూసి భయమేసి పరిగెత్తుతాం అనుకుంటాం కదా, కాదు, పరిగెత్తుతున్నాం కాబట్టే భయమేస్తోంది అన్నాడు. (మా అడవిలో ఎలుగు ఎదురైతే ఈ చర్చకి టైముండదు!) ఆ మాట మొత్తం నిలబడలేదు గానీ, ఒంట్లోంచి వెళ్లే సిగ్నల్స్ మనసుని మారుస్తాయన్నది మాత్రం నిలిచింది. ధైర్యంగా ఉన్న పెద్దాయన చెయ్యి, నెమ్మదైన గొంతు... నా దడ తగ్గింది. దడ తగ్గితే విషం దిగినట్టే అనిపించింది.

రెండేళ్లకి వానాకాలంలో మావయ్య వంతొచ్చింది. నేల మీద చాపేసుకుని పడుకున్నాడు. తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడు. కాటు గుర్తు లేదు, వాపు లేదు. కాసేపటికి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ‘‘రాత్రి ఇప్పసారా ఎక్కువైంది’’ అని నవ్వారంట. ఉమ్ము కూడా మింగలేకపోతుంటే అప్పుడు ఎవరికో పాము గుర్తొచ్చింది. తీసుకెళ్లింది ఎక్కడికి? ఆ పెద్దాయన దగ్గరికే. ‘‘మేనల్లుడు బతకలేదా?’’ అన్నారంట. ఆ మంత్రానికి పాసైన టెస్ట్ కేసుని నేనే మరి. రెండు గంటలు పోయాయి.

మెదడు ఆర్డరిస్తే నరం చివర అసిటైల్‌కొలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది అందితేనే కండరం కదులుతుంది. కట్లపాము విషం దెబ్బకొట్టేది సరిగ్గా ఆ చివర్లనే. సర్వర్ బాగానే ఉంది, కేబుల్ తెగింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు మన కట్లపాముకి దాయాది లాంటి పాము విషంలోంచి ఈ పదార్థాలను విడదీశారు. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగుతాయి. మెదడు మాత్రం మేలుకునే ఉంటుంది. విషం మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, పాడైన నరం చివరలు మళ్లీ మొలవడానికి రోజులు పడుతుంది. అందుకే ఆ రెండు గంటలు నన్నింకా వదల్లేదు.

108లో భద్రాచలం ఆస్పత్రికి చేరేసరికి బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందిస్తున్నారు. తొమ్మిది రోజులు వెంటిలేటర్. ఇంటికొచ్చాక మావయ్య అన్నాడు: ‘‘రెప్ప లేవలేదు గానీ స్ట్రెచర్ మీద అన్నీ వినపడ్డయ్‌రా. మీ అత్త ఏడుపు, పొలం ఎవరికన్న మాట, అన్నీ.’’

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. అంటే ఏడాదికి సగటున 58 వేలు. అందులో సగం జూన్ - సెప్టెంబర్ మధ్యే. 2030 కల్లా మరణాలు సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్లాన్ ప్రకటించింది. మనం చేయాల్సింది చిన్నదే. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఎముక విరిగినప్పటిలా ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ కొట్టాలి.

మలేరియాకని మా ఏజెన్సీలో దోమతెరలు పంచుతారు. మా ఇంట్లో అది చాలాకాలం కోళ్ల గంప మీద ఉండేది. నేపాల్ తెరాయిలో చూస్తే తెర కింద పడుకునేవాళ్లకి పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. ఇప్పుడు మావయ్య నులక మంచమెక్కి, తెరని నాలుగు వైపులా బొంత కిందికి దోపి గానీ పడుకోడు.

మొన్న సంక్రాంతికి ఆ పెద్దాయన్ని కలిసి ఇదంతా చెప్పా. కోప్పడతాడేమో అనుకున్నా. చుట్ట ఆర్పి, కాసేపు ఆలోచించి అన్నాడు: ‘‘సరే బిడ్డా. ఈసారి ఎవరొచ్చినా బండెక్కిస్త. నేనూ ఎక్కుత. మంత్రం దార్లో ఏస్త.’’