గట్ల మీద వేట

కృష్ణా డెల్టాలో తండ్రీ, ఎదిగిన కొడుకూ కలిసి సాగించే వేట ఎలకల వేట. అది అడవిలో జరగదు. వరిచేల గట్ల మీద, పంట కాలవల పక్కన, కోతలైన మాగాణుల్లో జరుగుతుంది. ఈ వేటలో తరతరాలుగా ఆరితేరినవారు యానాదులు. తెలుగే మాట్లాడే ఈ షెడ్యూల్డ్ తెగ జనాభా 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు లక్షల పైచిలుకు. నెల్లూరు ప్రాంతంలో వారు ఎక్కువ. అక్కడి నుంచి ప్రకాశం, బాపట్ల, గుంటూరు మీదుగా కృష్ణా జిల్లా తీరం దాకా విస్తరించి ఉన్నారు. రేపల్లె, అవనిగడ్డ, నాగాయలంక వైపు వెళ్తే ఊరికి ఎడంగా, కాలవ గట్టునో చెరువు గట్టునో వారి గుడిసెలు కనిపిస్తాయి.

అమెరికాలోనో కెనడాలోనో తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని, లైసెన్సు తీసుకుని జింక వేటకు వెళ్లవచ్చు. మన దేశంలో ఆ దారి 1972 తరవాత క్రమంగా మూసుకుపోయింది. ఆ ఏడాది వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరవాతి సవరణలు దుప్పి, కణుజు, కృష్ణజింక వంటి జంతువుల వేటను నేరం చేశాయి. కృష్ణ ఎగువన నల్లమలలో విల్లంబులతో బతికిన చెంచులకూ అదే చట్టం వర్తించింది. ఎలకలను మాత్రం ఆ చట్టం పంటలకు హాని చేసే జీవులుగా గుర్తించి, కాకులు, గబ్బిలాలతో పాటు ఐదో షెడ్యూలులో పెట్టింది. 2022 సవరణలో ఆ షెడ్యూలునే తీసేశారు, కానీ పొలం ఎలకకు రక్షణేమీ రాలేదు. రైతు పిలిచి మరీ చేయించుకునే వేట ఇది.

ఇక్కడ ఇంత వేట ఉండటానికి మూలం నీళ్లు. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. తూర్పున బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, పడమర కొమ్మమూరు కాలవ, వాటి పిల్ల కాలవలు కలిసి సుమారు పదమూడు లక్షల ఎకరాలకు నీరిస్తాయి. వర్షాధార మెట్టలో ఎండాకాలం వస్తే ఎలకకు తిండి కరువు. డెల్టాలో ఆ కరువు అంతగా ఉండదు. వానాకాలపు సార్వా వరి కోయకముందే చేలో మినుములు చల్లుతారు. నీరుంటే రెండో పంటగా దాళ్వా వరి వేస్తారు. ఒక చేను కోస్తే ఎలక పక్క చేలోకి పోతుంది, అన్నీ కోస్తే కాలవ గట్టు ఎక్కుతుంది. పొలం గట్లు ఎంత వెడల్పుగా ఉంటే దానికి అంత చోటు.

డెల్టా వరికి ప్రధాన శత్రువు పందికొక్కు జాతికే చెందిన చిన్న పొలం ఎలక. ఆడ ఎలక మూడు వారాలకు కాస్త అటూ ఇటూగా ఈనుతుంది. ఈతకు ఆరేడు పిల్లలు, కొన్నిసార్లు అంతకు మించి. తిండి దొరికినన్నాళ్లూ ఈతలు ఆగవు. పిలకలు తొడిగే దశ నుంచే అది వరిని కొరకడం మొదలుపెడుతుంది. పొట్ట దశలో నష్టం ఎక్కువ. దుబ్బు మొదట్లో ఏటవాలుగా, కత్తితో కోసినట్టు కొరికేస్తుంది. తినేది కొంచెం, నరికేది ఎక్కువ. ఈనిన తరవాత వెన్నులను తెంపి కలుగులోకి లాక్కుపోయి దాస్తుంది. ఒక్కో కలుగు తవ్వితే కిలోలకొద్దీ ధాన్యం బయటపడుతుంది.

ఈ కలుగును చదవడమే యానాది వేటలో అసలు విద్య. పైకి కనిపించే కన్నం ఒకటే అయినా, లోపల దారులు చీలిపోతాయి. ఒక గది ధాన్యానికి, ఇంకొకటి గడ్డి పరిచి పిల్లలు పెట్టుకోవడానికి. ప్రమాదం వస్తే తప్పించుకోవడానికి ఒకటి రెండు దొంగ దారులుంటాయి. వాటి మూతి మీద పలచగా మట్టి పొర ఉండటంతో తెలియనివారు అక్కడే నిలబడినా కనిపెట్టలేరు. ఈ జాతి ఎలక లోపలికి వెళ్లాక ప్రధాన ద్వారాన్ని కూడా పొడి మట్టితో పూడ్చుకుంటుంది. అందుకని వేటగాడు ముందు వెతికేది కన్నాన్ని కాదు, కొత్తగా ఎగదోసిన మట్టి కుప్పను. మట్టి ఇంకా తడిగా ఉందా, పక్కన పచ్చి పెంటికలు ఉన్నాయా, చుట్టుపక్కల దుబ్బులు నిన్న కొరికినవా వారం కిందట కొరికినవా అన్నది చూస్తాడు. కన్నం మీద సాలెగూడు ఉంటే ఆ దారిన ఎలక నడవడం లేదని అర్థం. వ్యవసాయ శాఖ రైతులకు చెప్పే పద్ధతీ దీనికి దగ్గరగానే ఉంటుంది. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే ఎలకలున్నట్టు లెక్కగట్టమంటుంది. యానాది పెద్దకు అంత సమయం అక్కర్లేదు.

కలుగు దొరికాక చేసే పని ఊదర పెట్టడం. అడుగున చిన్న కన్నం చేసిన మట్టి కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు పెడతారు. కుండ మూతిని కలుగు మూతికి బోర్లించి, సందుల్లోంచి పొగ పోకుండా చుట్టూ బురద మెత్తుతారు. అడుగు కన్నంలోంచి నోటితో ఊదితే పొగంతా కలుగులోకి దూరుతుంది. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన తన గ్రంథంలో ఎడ్గార్ థర్‌స్టన్ యానాదుల గురించి రాస్తూ ఈ ఊదరనే వర్ణించాడు. నూరేళ్లు దాటినా పనిముట్టు పెద్దగా మారలేదు. పొగ ఎక్కడెక్కడ నుంచి పైకి లేస్తుందో చూస్తే దొంగ దారుల గుట్టు బయటపడుతుంది. వాటిని వెంటనే మూసేయాలి, లేదా అక్కడ కాపు కాయాలి. ఉక్కిరిబిక్కిరైన ఎలక బయటికి దూకితే కర్రకో కుక్కకో చిక్కుతుంది. దూకకపోతే గునపంతో తవ్వి తీస్తారు.

పని పంపకంలోనే శిక్షణ ఉంది. చిన్నపిల్లలు కుక్క వెంట పరుగెత్తుతారు, చచ్చిన ఎలకలను బుట్టలో వేసుకుంటారు. కొంచెం ఎదిగాక దొంగ దారులు మూసే పని. ఊదడం చాలా కుటుంబాల్లో ఆడవాళ్ల వంతు. తల్లి దగ్గర కూతురు అది నేర్చుకుంటుంది. ఎడాపెడా ఊదితే గడ్డి భగ్గున మండి పొగ తగ్గిపోతుంది, మెల్లగా ఊదితే నిప్పు ఆరిపోతుంది. ఆ మధ్య రకం ఊపిరి నోటితో చెబితే వచ్చేది కాదు. గునపం చివరగా చేతికొస్తుంది. ఎక్కడ పోటు వేయాలో తెలియకపోతే అరగంట తవ్వకం వృథా అవుతుంది, గట్టు పాడై రైతుతో మాట పడాల్సి వస్తుంది. కొడుకు పెళ్లీడుకు వచ్చేసరికి తండ్రి పక్కకు జరిగి చూడటం మొదలుపెడతాడు. "ఏడ పొడుద్దాం నాయనా" అని కొడుకు అడగడం మానేసిన రోజున అతడు వేటగాడైనట్టే. ఆ తరవాత ఇద్దరూ పొద్దున్నే చెరో గట్టు పట్టుకుంటారు.

తవ్వకం లేని వేట కూడా ఉంది. తాటాకుతోనో వెదురుతోనో అల్లిన బుట్టలకు విల్లులా వంచిన పుల్ల, ఉరితాడు అమర్చి, లోపల వడ్లో నూకలో ఎరగా పెడతారు. సాయంత్రం చేలో పెట్టి తెల్లవారి తీస్తారు. ఎలక తల పెట్టి ఎరను లాగగానే పుల్ల తన్నుకుని ఉరి బిగుసుకుంటుంది. వరి పొట్ట మీద ఉండి, చేలో నీళ్లు నిలిచి, గట్లు తవ్వడానికి వీల్లేని రోజుల్లో ఈ బుట్టలే గతి. ఎన్ని ఎలకలు పడితే అన్నింటికి లెక్కగట్టి రైతు డబ్బిస్తాడు. ఊదర వేటలో కూలి ఒక్కటే కాదు, కలుగులో దొరికిన ధాన్యం, పట్టిన ఎలకలు కూడా వేటగాళ్లవే. ఎలక మాంసం యానాదులకు ఇష్టమైన తిండి. వెంట్రుకలు నిప్పుల మీద కాల్చి, శుభ్రం చేసి వండుకుంటారు. వరి తిని పెరిగిన ఎలకను తినడం మీద పట్నవాసులు ముఖం చిట్లించడానికి కారణం లేదు. వియత్నాం, కాంబోడియాల మెకాంగ్ డెల్టాలో పొలం ఎలకలను పట్టి బజారులోనే అమ్ముతారు, కొని తింటారు.

విషం ఎరతో ఈ వేటకు పొసగదు. వ్యవసాయ శాఖ సిఫారసు చేసే మందుల్లో జింకు ఫాస్ఫైడ్ ఒకటి. తొంభై ఆరు పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు మందు కలిపి కలుగుల్లో పెడతారు. ఎలక కడుపులోని ఆమ్లంతో అది ఫాస్ఫీన్ వాయువుగా మారి ప్రాణం తీస్తుంది. అయితే ఎలక అనుమానపు జీవి. కొంచెం తిని ఒంట్లో బాగోకపోతే మళ్లీ ఆ ఎర ముట్టదు. అందుకే ముందు రెండు రోజులు మందు లేని ఎరతో అలవాటు చేయమంటారు. రెండో మందు బ్రోమాడియోలోన్. అది రక్తం గడ్డకట్టనివ్వకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతుంది కనుక ఎలకకు కారణం తెలియదు. వందల ఎకరాల్లో ఒకేసారి మందు పెట్టే సామూహిక నివారణకు ఇవి ఉపయోగపడతాయి, అందులో సందేహం లేదు. కానీ మందు తిన్న ఎలకను తిని గుడ్లగూబలు, కుక్కలు చనిపోవచ్చు. మందు పెట్టిన పొలంలో యానాది కుటుంబానికి తిండీ పోతుంది, పనీ పోతుంది. రైతులకు మందు పంచే ముందు ఆ ఊళ్లో ఊదర పెట్టేవాళ్లున్నారో లేదో కనుక్కోవడం కనీస ధర్మం.

ఎలకలున్న చోట పాములుంటాయి. ఎలక కలుగులోనే నాగుపామో, కట్లపామో, రక్తపింజరో చేరి ఉండవచ్చు. తండ్రి కొడుక్కి అన్నిటికన్నా ముందు నేర్పేది కలుగులో చెయ్యి పెట్టకూడదని. కుబుసం కనిపించినా, కన్నం అంచులు నున్నగా అరిగి కొత్త మట్టి లేకపోయినా ఆ కలుగు వదిలేస్తారు. ఇంత జాగ్రత్త ఉన్నా కాట్లు తప్పవు. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి దివిసీమ అంతా భయపడింది. పొలంలో దిగేవారందరికీ ఉన్న ముప్పు అది. కలుగులు తవ్వేవారికి అది మరీ దగ్గర. విరుగుడు సూది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సిద్ధంగా ఉండటం వారికి ప్రాణావసరం. ఎలక మూత్రం కలిసిన నీళ్లలో, కాలి పగుళ్ల ద్వారా సోకే ఎలక జ్వరం రెండో ముప్పు. మూడోది పొగ. ఏళ్ల తరబడి కుండకు నోరు పెట్టి ఊదిన ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి, పెదవులు, చేతులు కాలుతాయి. చేత్తో తిప్పే చక్రంతో గాలి కొట్టే ఇనుప పొగ యంత్రం ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. తమిళనాడులో ఇదే విధంగా ఎలకలు పట్టే ఇరుల తెగవారి కోసం అలాంటి యంత్రం తయారైంది. 2003లో ప్రపంచ బ్యాంకు పోటీలో దానికి బహుమతి కూడా వచ్చింది.

ఇరులుల సంగతి ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. ఒకప్పుడు వారి జీవనాధారం పాము చర్మాల వ్యాపారం. వన్యప్రాణి చట్టం దాన్ని ఆపేసింది. పాములను పట్టే విద్య మాత్రం వారి చేతుల్లోనే ఉండిపోయింది. సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో చెన్నై దగ్గర వారికి ఒక సహకార సంఘం ఏర్పడింది. పామును చంపకుండా పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేయడం దాని పని. దేశంలో పాముకాటుకు వాడే విరుగుడు తయారీకి ఆ విషం ఎంతో ముఖ్యం. దివిసీమలో కాటు తిన్న మనిషికి ఎక్కించే మందు వెనక ఇరులుల పనితనం ఉంటుంది. 2023లో ఆ సముదాయానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ దక్కింది. అంతకు ముందు 2017లోనే వారు కొండచిలువలను పట్టడానికి ఫ్లోరిడా వెళ్లి వచ్చారు.

యానాదుల విద్యకు ఆ స్థాయి మన్నన రాలేదు. బ్రిటిష్ పాలనలో వారిని నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చారు. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు యానాది సంఘం పెట్టి, ఆ ముద్ర చెరిపేయడానికి, పిల్లలను బడికి పంపడానికి, పాలేరుతనం నుంచి కుటుంబాలను విడిపించడానికి దశాబ్దాల పాటు శ్రమించారు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. సొంత భూమి లేకపోవడం, అప్పుకు కట్టుబడి యజమాని దగ్గర ఉండిపోవడం మాత్రం అంత త్వరగా పోలేదు. పొలంలో పంట కాపాడిన మనిషి ఊళ్లో ఇంటి స్థలానికి ఏళ్లపాటు తిరగాల్సి రావడం అన్యాయం.

డెల్టా కూడా మారుతోంది. చేలను చెరువులుగా తవ్వి చేపలు, రొయ్యలు పెంచే చోట ఎలక వేటకు తావు లేదు. యానాది యువకులు ఆ చెరువుల గట్ల మీదే కాపలా పనికి కుదురుతున్నారు. వరి ఉన్నచోట కోత యంత్రం వచ్చింది. ఒకప్పుడు పనలు కుప్ప వేసి నెలల తరవాత నూర్చేవారు. కుప్ప అడుగున చేరిన ఎలకలన్నీ నూర్పిడి రోజున ఒక్కసారిగా బయటపడేవి. తండ్రులు, కొడుకులు, కుక్కలు కలిసి ఒక్క పూటలో బుట్టలు నింపేవారు. యంత్రం కోసిన చేలో ధాన్యం అదే రోజు బస్తాకెక్కుతుంది కాబట్టి ఆ వేట దాదాపు పోయింది. మిగిలింది గట్లలోని కలుగులు. సార్వా కోతలైన డిసెంబరు నుంచి మినుము పీకే దాకా, మళ్లీ నాట్లకు ముందు ఎండాకాలంలో గట్లు ఎండి ఉన్నప్పుడు ఊదర కుండలకు పని ఉంటుంది. ఎలకల సంఖ్య బాగా తగ్గి ఉండే ఆ ఎండాకాలంలోనే, ఊరి రైతులంతా కలిసి డబ్బు వేసుకుని గట్లన్నీ ఒకేసారి పట్టించుకుంటే సార్వాకు మేలు ఎక్కువ. ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేయించుకున్నా, పక్క గట్టు ఎలక వారంలో అక్కడికి చేరుతుంది.