చిరుతిండి - దంతరక్షణము

పాఠశాలలో విరామపు గంట మ్రోగగానే పిల్లలు వీధి గుమ్మము వైపునకు పరుగెత్తుదురు. అచ్చట తోపుడుబండిపై జీళ్లు, పిప్పరమెంట్లు, పీచుమిఠాయి, రంగుకాగితములు చుట్టిన చాక్లెట్లు సిద్ధముగా నుండును. దాని ప్రక్కనే ఒక అవ్వ గంపలో జామకాయలు, ఉడికించిన వేరుసెనగకాయలు పెట్టుకొని కూర్చుండును. పిల్లవాని చేతిలోని డబ్బు ఎవరి వద్దకు పోవునన్నది స్వల్ప విషయముగా కనబడును. కాని దంతముల విషయమున అది స్వల్పము కాదు.

మానవ శరీరమునందు అన్నిటికంటె గట్టి పదార్థము ఎముక కాదు. దంతముపై తెల్లగా మెరయు పింగాణి పొర. విరిగిన ఎముక అతుకుకొనును. పింగాణి పొరను నిర్మించిన కణములు మాత్రము దంతము చిగురును దాటి వచ్చుసరికే నశించును. కావున ఆ పొర ఒకసారి గుంటపడినచో మరల పెరుగదు. పాలపండ్లు ఊడిపోవునవే గదా అని కొందరు తల్లిదండ్రులు ఉపేక్షింతురు. ఇంచుమించు ఆరవ యేట, పాలపండ్లన్నిటికిని వెనుక, ఒక దవడపన్ను మొలచును. అది ఏ పన్ను ఊడిన చోటనూ వచ్చినది కాదు గనుక దానిని కూడ పాలపన్నే అనుకొందురు. నిజమునకు అది శాశ్వత దంతము. అది పుచ్చిపోయినచో దాని స్థానమున మరియొకటి రాదు.

పన్ను పుచ్చుటకు కారణము పురుగని పూర్వము పలువురు నమ్మిరి. కంటికి కనబడు పురుగేదియు అందులో లేదు. దంతములపై పాచివలె పేరుకొను పొరలో సూక్ష్మజీవులు నివసించును. వానిలో ముఖ్యమైన యొక దానిని 1924లో క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు పుచ్చిన దంతములనుండి వేరుచేసి వర్ణించెను. మనము తినిన చక్కెరయే వీనికి ఆహారము. చక్కెరను తిని ఇవి ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పింగాణి పొరలోని సున్నపు లవణములను కరగించును. చక్కెర నోటబడిన కొద్ది నిమిషములలోనే పాచిపొరలో ఆమ్లము పెరుగుననియు, అది తగ్గుటకు అరగంటయో, అంతకు మించియో పట్టుననియు 1940వ దశకమున స్టెఫాన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కొలిచి చూపెను. ఆమ్లమును తగ్గించునది లాలాజలము. కరగిన లవణములను కొంతవరకు తిరిగి దంతమునకు చేర్చునదియు అదియే. అయితే ఆ పనికి దానికి వ్యవధి కావలెను.

ఇచ్చటనే అసలు కీలకమున్నది. ఒక బాలుడు ఆరు పిప్పరమెంట్లను భోజనముతోపాటు ఒక్కమారే తినెననుకొందము. అతని దంతములపై ఆమ్లము ఒక్క పర్యాయమే దాడిచేయును. మరియొక బాలుడు అవే ఆరింటిని జేబులో దాచుకొని, గంటకొకటి చొప్పున చప్పరించెను. అతని దంతములు ఆరు దాడులకు గురియగును. లాలాజలము ఒకదానిని సరిదిద్దులోపల రెండవది ఆరంభమగును. ఇరువురు తినిన చక్కెర ఒక్కటియే, ఫలితము వేరు.

ఈ భేదమును స్పష్టముగా నిరూపించిన పరిశోధన స్వీడన్ దేశమున లుండ్ నగరమందలి విపెహోల్మ్ వైద్యశాలలో 1945లో ఆరంభమై, 1954లో ప్రకటితమైనది. భోజనముతో చక్కెర తీసికొనినవారికి దంతక్షయము స్వల్పముగనే హెచ్చెను. భోజనముల నడుమ పండ్లకు అంటుకొను టాఫీలు తినినవారికి అది విపరీతముగ పెరిగెను. అయితే ఆ పరిశోధనకు గురియైనవారు మనోవైకల్యముగల రోగులు. తమ సమ్మతి తెలుపగల స్థితిలో లేనివారు. వారి దంతములను చెడగొట్టి సంపాదించిన జ్ఞానమిది. ఆ పద్ధతిని తరువాతి కాలమున లోకము గర్హించినది, గర్హింపదగినదే. ఈ ఫలితముల ననుసరించియే పిల్లలకు మిఠాయిలు శనివారమునాడు మాత్రమే ఇచ్చు ఆచారము స్వీడన్‌లో ప్రబలమైనది.

మన బెల్లమునకు దోషము లేదని కొందరి వాదము. సూక్ష్మజీవులకు బెల్లమైనను, చక్కెరయైనను ఒక్కటియే. పండ్లసందులలో ఇరుకుకొను జీడి ఈ విషయమున టాఫీకి తోబుట్టువు. తీపిలేని చిప్సు, ఉప్పు బిస్కట్లు కూడ పిండియై పంటికి అంటుకొని, లాలాజలముచే కొంత చక్కెరగా మారును. 2020లో ఆంధ్రప్రదేశ్ మధ్యాహ్న భోజనమున వేరుసెనగ చిక్కిని చేర్చినది. వేరుసెనగ బలవర్ధకమే, కావున దానిని నిషేధింపనక్కరలేదు. అన్నముతోపాటే తిని, నీటితో బాగుగ పుక్కిలించిన చాలును. జేబులో వేసికొని సాయంకాలమువరకు కొరుకుటయే హాని.

విరామ సమయమునకు తగినవి మన గ్రామములలో కొల్లలుగా నున్నవి. సెనగ గుగ్గిళ్లు, వేయించిన సెనగలు, ఉడికించిన వేరుసెనగకాయలు, కొబ్బరిముక్కలు, జామకాయలు, దోసకాయ ముక్కలు - ఇవి నమలించును. నమలుటచే లాలాజలము ఊరును. రాత్రి నానవేసిన సెనగలు ఉదయము ఉడికించుటకు గొప్ప వ్యయము కాదు. శీతల పానీయములకు బదులు మజ్జిగయో, మంచినీరో త్రాగవచ్చును.

చక్కెర, ఉప్పు, క్రొవ్వు అధికముగ నున్న పదార్థములను పాఠశాలలోను, దాని ఆవరణకు 50 మీటర్ల లోపలను పిల్లలకు విక్రయింపరాదని 2020లో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నియమము చేసినది. మంచి నియమమే. కాని 51వ మీటరున బండి నిలిపినచో పిల్లల కాళ్లు అచ్చటికే పోవును. అంతకంటె ఉపాధ్యాయులు బండివానితో మాటలాడి, అతని తట్టలో గుగ్గిళ్లు, జామకాయలు చేర్పించుట మేలు. కొనువారున్నచో అతడు వానినే తెచ్చును, అతనికిని సంసారమున్నది.