కొండ దిగునప్పుడు విద్యుత్ కారు పట్టు సడలుట



ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న నేను, యంత్రములను గూర్చి ప్రసంగింప బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను, పదము చెడినప్పుడు దోషము ప్రకృతిలో నున్నదా, ప్రత్యయములో నున్నదా, సంధిలో నున్నదా యని వెదకుటకును, బండి చెడినప్పుడు దోష మెచ్చట నున్నదో వెదకుటకును పద్ధతి యొక్కటియే. ఆ ధైర్యముతోనే ఈ విషయమును చేపట్టితిని.

గడచిన శీతకాలమున మా యల్లుని విద్యుత్ కారులో తిరుమలకు పోయితిమి. రాత్రి కొండమీద బస చేసి, బ్యాటరీని నిండుగ నింపుకొని, తెల్లవారుజామున దిగువకు బయలుదేరితిమి. నాలుగైదు మలుపులు దాటులోపలనే అల్లుడు, "మామయ్యగారూ! బండి పట్టుట లేదు. పెడలు వదలగానే నెమ్మదింపవలసినది, జారిపోవుచున్నది" అనెను. వెనుక సీటులో నా భార్యయు, కుమార్తెయు, ఐదేండ్ల మనుమడును ఉన్నారు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. "తొందరపడకుము నాయనా, కాలి బ్రేకు వేసి మెల్లగా పోనిమ్ము" అంటినే గాని, నా గుండె నా చేతిలో లేదు. విశాలమైన చోట ఒకసారి ఆగి, చక్రములను చల్లారనిచ్చి, క్షేమముగా తిరుపతి చేరితిమి. అచ్చట పనివారు పరీక్షించి దోష మేమియు లేదనిరి. ఆ సాయంకాలము ఇంటికి పోవు దారిలో బండి తనంతట తానే పూర్వమువలె పట్టసాగెను. చెడనిది ఏల పట్టలేదు? బాగుచేయనిది ఎట్లు బాగయ్యెను? దీనికి సమాధానమే నేటి ప్రసంగము.

విద్యుత్ మోటారునకు రెండు స్వభావములు కలవు. విద్యుత్తు నిచ్చినచో తిరుగును. పట్టి త్రిప్పినచో విద్యుత్తు నిచ్చును. బండి పోవుచుండగా పెడలు వదలినచో చక్రములే మోటారును త్రిప్పును. అది విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి పంపును. ఆ విద్యుత్తునకు మూలధనము బండి వేగమే గనుక, వేగము తగ్గును. దీనినే రీజనరేటివ్ బ్రేకింగు అందురు. మనము పునరుత్పాదక నిరోధ మనవచ్చును. ఇది నిన్న మొన్నటి కల్పన కాదు. 19వ శతాబ్దపు చివరి దశకమునందే ఫ్రాన్సు దేశమున క్రీగర్ అను నాతడు తన విద్యుత్ శకటములయందు దీనిని ప్రయోగించెను. 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో రైళ్లును ఈ విధముననే ఆగునప్పుడు విద్యుత్తును తిరిగి యిచ్చును.

ఇందలి మర్మ మేమనగా, పుట్టిన విద్యుత్తునకు పోవుటకు చోటుండవలెను. చోటు లేనిచో పట్టు లేదు. నిండిన కుండలో నీరు పోయగలమా?

కొంచెము లెక్క చూతము. తిరుమల కొండకును తిరుపతి పట్టణమునకును ఎత్తులో సుమారు 700 మీటర్ల భేదము కలదు. మనుష్యులతో కూడ 1,600 కిలోల బరువుగల కారు అంత యెత్తు దిగునప్పుడు విడుదలయగు శక్తి రమారమి 3 యూనిట్ల విద్యుత్తునకు సమానము. ఇందు ఒక పాలు టైర్ల రాపిడికిని గాలికిని పోయినను, తక్కిన 2 యూనిట్లు ఎచ్చటికైన పోవలెను. బ్యాటరీ స్వీకరించినచో అది మనకు లాభము. స్వీకరింపనిచో అంతయు కాలి బ్రేకులలో వేడిగా మారును. ఆ వేడి 20 లీటర్లకు పైగా నీటిని మరుగునంతవరకు కాచగలదు! మితిమీరి కాగిన బ్రేకులు పట్టు కోల్పోవును. కనుక ఇది కేవలము విద్యుత్తు ఆదాకు సంబంధించిన మాట కాదు. ప్రాణములకు సంబంధించిన మాట.

ఇక కారణము నిర్ణయించుట యెట్లు? తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు కలవు. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకము. ఒక్కొక్క కారణమును ఈ రెంటితో పరీక్షింపవలెను.

మొదటిది, అమరిక. చాల కార్లలో ఈ నిరోధమును హెచ్చించుటకును తగ్గించుటకును మెట్లు కలవు. ఎవరైన మార్చిరేమో, బండి నడుపు విధమును మార్చినప్పుడు అదియు మారెనేమో ముందు చూడవలెను. బండి న్యూట్రలులో నున్నచో ఈ నిరోధము పనిచేయదు.

రెండవది, బ్యాటరీ నిండుదనము. లిథియము బ్యాటరీలోని ప్రతి గదికిని ఇంతకు మించి ఎక్కరాదను వోల్టేజి హద్దు కలదు. నిండుగ నున్నప్పుడు ఇంకను పంపినచో గది చెడును గనుక, కాపలా యంత్రము నిరోధమునే తగ్గించును. మా కథలో ప్రధాన దోషి ఇదియే. కొంత దూరము నడచిన పిదప బ్యాటరీ తగ్గెను. పట్టు తిరిగి వచ్చెను. ఇదియే వ్యతిరేకము.

మూడవది, చలి. చల్లని బ్యాటరీ విద్యుత్తును వేగముగా స్వీకరింపజాలదు. బలవంతముగా నెక్కించినచో లిథియము లోపల పూతవలె పేరుకొని హాని చేయును. శీతకాలపు వేకువ పట్టు తగ్గి, బండి వెచ్చబడిన పిదప సరియైనచో కారణ మిదియే. బ్యాటరీ మిక్కిలి వేడెక్కినను కాపలా యంత్రము అట్లే అడ్డుపడును.

నాలుగవది, జారుడు. తడి రోడ్డుమీదను ఇసుకమీదను చక్రము జారుచున్నట్లు తోచినచో, యంత్రము ఈ నిరోధమును విడిచి కాలి బ్రేకునకే పని యప్పగించును. అరిగిన టైర్లు ఈ జారుడును హెచ్చించును.

ఐదవది, మందగమనము. బండి నడకవేగమునకు దిగునప్పటికి మోటారు పుట్టించు విద్యుత్తు స్వల్పమగును. అప్పుడు పట్టు సడలుట స్వభావమే, దోషము కాదు.

ఇప్పుడు పరీక్ష చెప్పెదను. బ్యాటరీ నూటికి 50, 60 పాళ్లున్నప్పుడు, బండి అరగంట నడచి వెచ్చబడిన పిదప, పొడి రోడ్డుమీద, వెనుక బండ్లు లేని చోట, నిరోధమును గరిష్ఠపు మెట్టున నుంచి, 50 కిలోమీటర్ల వేగమున పెడలు వదలి చూడుడు. బండి పూర్వమువలె నెమ్మదించినచో రోగము లేదు. అప్పటికిని పట్టనిచో, లేదా బ్రేకు దీపముగాని బ్యాటరీ దీపముగాని వెలిగినచో, నిజమైన లోప మున్నదని తలపవలెను. చక్రవేగమును కొలుచు పరికరము చెడుట, బ్యాటరీ గదులు ఎగుడుదిగుడగుట మున్నగునవి అప్పుడు వెదకవలసినవి. వందల గదులలో ఒక్కటి ముందుగా నిండినను, దానిని కాపాడుటకై తక్కిన వాని నన్నిటిని ఆపవలసి వచ్చును. ఇది పనివారు తమ యంత్రములతో చూడవలసినది. నారింజరంగు తీగల జోలికి మీరు పోరాదు. వానిలో ప్రాణాంతకమగు వోల్టేజి యుండును.

కడపట ఒక్క మాట. కొండమీద బస చేయువారు బ్యాటరీని నూటికి 80 పాళ్లవద్దనే ఆపుడు. దిగు దారియే తక్కినది కొంత నింపును. కాలి బ్రేకును మరువకుడు; ఏండ్ల తరబడి వాడనిచో దాని పళ్లెములు త్రుప్పు పట్టును. అప్పుడప్పుడు దానిని గట్టిగా వాడి, ఏటేట పరీక్ష చేయించుడు. మలుపులకు ముందే వేగము తగ్గించుడు.

నాటి ఉదయము మా మనుమడు, "తాతయ్యా, బండికి కోపము వచ్చెనా?" అని యడిగెను. అప్పుడు నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడు తెలిసినది: దానికి కోపము రాలేదు, కడుపు నిండినది. నిండిన కడుపున మరల వడ్డింపబూనిన తప్పు మాదే.