అండర్‌వాటర్ కెమెరా హౌసింగ్‌కి ఓ-రింగ్ దొరకట్లేదా? కంపెనీ చేతులెత్తేస్తే ఇలా వెతకండి

ఫోన్ కొనేముందు ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారో చూస్తాం కదా. అండర్‌వాటర్ హౌసింగ్ కొనేటప్పుడు మాత్రం ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుందో చూసి ఆగిపోతాం. దాని ఓ-రింగ్ ఐదేళ్ల తర్వాత దొరుకుతుందా అని ఎవరూ అడగరు. అండమాన్‌లోనో, వైజాగ్ రుషికొండలోనో డైవింగ్ కోసం సెకండ్‌హ్యాండ్ హౌసింగ్ చూస్తున్నవాళ్లయితే ముందు అడగాల్సింది ఇదే.

ఓ-రింగ్ పని సింపుల్. మూత చుట్టూ గాడిలో కూర్చుంటుంది, లాక్ వేయగానే కొంచెం నలిగి సందు మూసేస్తుంది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషరే మూతని రింగు మీదకి ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకే గాడిలో వెంట్రుకో ఇసుక రేణువో ఇరుక్కుంటే చాలాసార్లు పైన రెండు మూడు మీటర్లలోనే లీక్ మొదలవుతుంది. ఇంకో సమస్య, వాడేకొద్దీ రింగు చదునైపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది కానీ గుండ్రటి షేప్ తిరిగి రాదు. ఒలింపస్ హౌసింగ్ మాన్యువల్స్‌లో దీన్ని కనీసం ఏడాదికోసారి మార్చే వస్తువుగానే చెప్తారు. అంటే స్పేర్ దొరకని రోజు నుంచి మీ హౌసింగ్‌కి ఎక్స్‌పైరీ డేట్ పడినట్టే.

సపోర్ట్ విషయంలో పెద్ద పేరు చూసి నమ్మేయకండి. నికాన్ తన నికోనోస్ అండర్‌వాటర్ కెమెరాలని 2001లో ఆపేసింది. ఒలింపస్ కెమెరా బిజినెస్ 2021 జనవరి నుంచి ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ అనే వేరే కంపెనీ చేతిలో ఉంది. కాబట్టి పాత ఒలింపస్ హౌసింగ్ స్పేర్స్ కోసం ఓఎం సిస్టమ్ పేరుతోనూ వెతకాలి. ఇందులో ఒక మంచి విషయం కూడా ఉంది: టీజీ-6 కోసం వచ్చిన పీటీ-059 హౌసింగ్ టీజీ-7కి కూడా సరిపోతుంది. అలా రెండు మోడల్స్‌కి పనికొచ్చే హౌసింగ్‌కి స్పేర్స్ ఎక్కువ కాలం దొరికే ఛాన్స్ ఉంటుంది. అమెరికాలోని ఐకెలైట్ లాంటి కంపెనీలు అయితే చేసేదే హౌసింగ్‌లు. ఓ-రింగులని పార్ట్ నంబర్‌తో విడిగా అమ్ముతాయి. నా ఓటు ఇలాంటివాళ్లకే.

వెతికేటప్పుడు కెమెరా మోడల్ కొట్టకండి, హౌసింగ్ మోడల్, మాన్యువల్ చివర్లో ఉండే ఓ-రింగ్ పార్ట్ నంబర్ కొట్టండి. కంపెనీకి మెయిల్ పెడితే సీరియల్ నంబర్‌తో పాటు, స్కేల్ పక్కన పెట్టి తీసిన గాడి ఫోటో కూడా పంపండి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

అయినా దొరక్కపోతే? కొలవడమే. పాత రింగుని ఒకచోట కట్ చేసి తిన్నగా పరిచి పొడవు చూడండి. దాన్ని 3.14తో భాగించి, మందం తీసేస్తే లోపలి వ్యాసం వస్తుంది. ఉదాహరణకి పొడవు 320 మి.మీ., మందం 3 మి.మీ. అనుకుంటే 102 మైనస్ 3, అంటే దాదాపు 99 మి.మీ. పాత రింగు సాగి ఉండొచ్చు కాబట్టి గాడిని కూడా వెర్నియర్‌తో కొలవండి.

మందం దగ్గర జాగ్రత్త. అమెరికన్ స్టాండర్డ్ ఏఎస్568లో మందాలు 1.78, 2.62, 3.53 మి.మీ. ఇలా ఉంటాయి. జపాన్ జేఐఎస్ పి సిరీస్‌లో 1.9, 2.4, 3.5. వాడిన రింగు నలిగి ఉంటుంది కాబట్టి కొలత తక్కువే చూపిస్తుంది. జపాన్ హౌసింగ్ రింగు 2.3 చూపించిందంటే అది మొదట 2.4 అయ్యుండొచ్చు. 2.62 తెచ్చి కూర్చోబెడితే మూత సరిగ్గా పడకపోవచ్చు, పడినా లాక్ మీద లోడ్ పడుతుంది.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఆయిల్ సీల్స్ అమ్మే షాపులకి ఈ కొలతలతో వెళ్లొచ్చు. అక్కడ ఎక్కువగా ఇచ్చేది నల్లటి నైట్రైల్ రింగు. మీకు కావాల్సింది మెత్తటి సిలికాన్ అయితే ఆ మాట గట్టిగా చెప్పండి, గట్టి రింగుతో అదే పట్టు రాదు. గ్రీజ్ కూడా రింగుని బట్టే. వాజిలిన్ వద్దే వద్దు, సిలికాన్ రబ్బరు ఉబ్బిపోతుంది. కొన్ని సిలికాన్ గ్రీజులతోనూ అదే గొడవ, కాబట్టి హౌసింగ్ కంపెనీ చెప్పిన గ్రీజే వాడండి. అదీ రింగు మెరిసేంత చాలు, పూత పూయక్కర్లేదు.

ఇదంతా మెయిన్ రింగుకే. బటన్స్ లోపల ఉండే బుల్లి రింగుల జోలికి వెళ్లకండి, అవి సర్వీస్ సెంటర్ పని. గుండ్రంగా కాకుండా ప్రత్యేకమైన షేప్‌లో అచ్చుపోసిన సీల్ ఉన్నా బయట రింగుతో ప్రయోగాలొద్దు.

కొత్త రింగు పడ్డాక కెమెరా పెట్టకుండా లోపల టిష్యూ పేపర్ ఒకటే వేసి, ఖాళీ హౌసింగ్ తేలకుండా బరువు పెట్టి, బకెట్‌లో గంటసేపు ముంచండి, బటన్స్ అన్నీ నొక్కుతూ. తర్వాత మొదటి డైవ్‌కి కూడా ఖాళీగానే తీసుకెళ్లండి. టిష్యూ పొడిగా తిరిగొస్తేనే కెమెరా లోపలికి.